తోడుకోని ఆరో గ్లాసు పాలు

మా ముత్తాత పుంగనూరుకు పడమరగా ఉన్న మూడు ఊళ్లకు మునసబు. ఆయన చావడిలో కూర్చున్నప్పుడు తగవు మీద వచ్చినవాళ్లు చెప్పులు వీధిలోనే విడిచి లోపలికి వచ్చేవారు. మా తాతదీ అదే పదవి. ఆరు జతల ఎద్దులు, కళ్లంలో పదిహేను మంది కూలీలు ఉండేవారు. ప్రభుత్వం మునసబులను తీసేసిన నాడు మా నాయన చేతిలో మిగిలింది చావడి తాళంచెవి. అది కూడా అప్పగించి రమ్మంటే పోయి ఇచ్చి వచ్చాడు. నా వంతుకు వచ్చినవి ఇంటిపేరు, వంగని వెన్ను, మా అవ్వ నాటి పెరుగు తోడు.

తోడు అని తేలికగా అనుకోవద్దు. మా అవ్వ తన పుట్టింటి నుంచి తెచ్చిన పెరుగులో చెంచాడు మరునాటి పాలలో కలిపింది. ఆనాటి నుంచి ఏ రోజు పెరుగులోంచి ఆ మరునాటికి తీసిపెట్టడం మా ఇంట్లో తప్పలేదు. అవ్వ తర్వాత అమ్మ, అమ్మ తర్వాత నా భార్య. జీవశాస్త్రం మాస్టరుగా నాకు మొదటి పోస్టింగు కుప్పం దగ్గర వచ్చినప్పుడు, చిన్న స్టీలు డబ్బాలో ఆ తోడును ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్కసీటు ఆయన అందులో ఏముందని అడిగితే మా వంశం అని చెప్పాను. ఆయన పలమనేరులో దిగేదాకా మళ్లీ నావైపు చూడలేదు.

ముప్పై రెండేళ్లు పాఠం చెప్పి మదనపల్లెలో రిటైరయ్యాను. ఇప్పుడు అక్కడే ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన జీవశాస్త్రం టీచర్లు అప్పుడప్పుడు వచ్చి, సూక్ష్మజీవుల పాఠం ఎలా చెబితే పిల్లలకు ఎక్కుతుందని అడుగుతారు. ఎలా చెప్పాలో చెబుతాను. ఒకసారి ఎలా చెప్పానో మాత్రం ఇంతవరకు చెప్పలేదు.

మొదట కుప్పంలో చేసిన పొరపాటు. బోర్డు మీద మూడు గళ్లు గీసి బాక్టీరియా, వైరస్, ఏకకణ జీవి అని రాసి, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేశాను. గడులు సమానం కాబట్టి బొమ్మలూ సమానంగా వచ్చాయి. పరీక్షలో సగం మంది వైరస్, పారమీషియం ఒకే పరిమాణంలో ఉంటాయని రాశారు. తప్పు పిల్లలది కాదు, నా సుద్దముక్కది. ఆ తర్వాత పద్ధతి మార్చాను. వైరస్ రాగిగింజంత ఉందనుకోండి. బాక్టీరియా చిన్న టమాటా అంత ఉంటుంది. పారమీషియం ఆ టమాటాలను మదనపల్లె మార్కెట్టుకు తోలే టెంపో అంత ఉంటుంది. మా జిల్లా పిల్లలకు ఈ లెక్క మళ్లీ చెప్పాల్సిన పని రాలేదు.

నేను చెప్పబోయేది పుంగనూరు దగ్గర, మా ముత్తాత మునసబుగా ఉన్న మూడు ఊళ్లలో ఒకదాని హైస్కూలు సంగతి. కరోనా సెలవులు ముగిసి బడులు తెరిచిన మరుసటి ఏడు. అప్పటికి వైరస్ అనే మాట తెలియని పిల్ల లేదు. అయితే జలుబూ వైరసే, కడుపునొప్పీ వైరసే, కంప్యూటరు ఆగిపోయినా వైరసే. అందుకని ఆ ఏడు పాఠాన్ని కళ్లతో చూపించాలనుకున్నాను. ల్యాబులో ఉన్న మూడు మైక్రోస్కోపులూ వరసగా పెట్టించాను. మొదటిదాని కింద గడ్డి నానబెట్టిన నీళ్ల చుక్క, అందులో పారమీషియం ఈదుతూ ఉంటుంది. రెండోదాని కింద నీలిరంగు వేసిన పెరుగు, అందులో కడ్డీల్లా, చుక్కల్లా బాక్టీరియా. మూడోదాని కింద ఏమీ లేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మూడోదానిలో చాలాసేపు చూసి తలెత్తింది.

"సార్, దీంట్లో ఏమీ లేదు."

"అది వైరస్‌ది. ఈ అద్దాలకు ఆనదు."

"ఆనేదానికి గడ్డినీళ్లు, పెరుగు పెడ్తిరి. ఆననిదానికి ఖాళీ పెట్టేది యాల సార్?"

"లేదని కాదు, కనపడదని తెలియాలి. దానికి కణమే లేదు. ఇంకొకరి కణంలో దూరితేనే దానికి బతుకు. పాలల్లో వేస్తే పెరగదు."

ఆమె అంతటితో వదల్లేదు. "బాక్టీరియా కూడా ఒకే కణం అంటిరి కదా సార్. మరి దానికి వేరే గడి, పారమీషియానికి వేరే గడి యాల?"

మంచి ప్రశ్న. పాఠ్యపుస్తకంలో ఏకకణ జీవులన్న శీర్షిక చూసి చాలామంది టీచర్లే అక్కడ తడబడతారు. రెండూ ఒకే కణం, నిజమే. కానీ పారమీషియం కణంలో కేంద్రకం గోడ కట్టుకుని విడిగా ఉంటుంది, నోటిలాంటి గాడి ఉంటుంది, ఒక ఇంట్లో గదులున్నట్టు. బాక్టీరియాది గదుల్లేని ఒంటిగది ఇల్లు. వైరస్‌కు ఇల్లే లేదు, ఒకరింట్లో చొరబడి వాళ్ల పొయ్యి మీద వంట చేసుకునే రకం. ఇవన్నీ ఒక పెద్ద చార్టు మీద రాయించి గోడకు తగిలించాను. చార్టులో చివరి వరుస మందులది. యాంటీబయాటిక్ బాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్ మీద పనిచేయదు, ఏకకణ జీవులకు వేరే మందులుంటాయి. ఈ వాక్యాన్ని ఏడాదికి రెండు తరగతుల చొప్పున ఎన్నేళ్లు చెప్పానో మీరే లెక్క వేసుకోండి.

చివరి పనిగా పాలు తోడువేయడం. ఆరు జట్లు, ఆరిళ్ల నుంచి ఆరు గ్లాసుల కాచిన పాలు. అన్నింటిలో మా ఇంటి తోడు ఒక్కో చెంచా నా చేతులతోనే వేశాను. వేస్తూ మా అవ్వ సంగతి చెప్పాను. ఆ చెంచాలో ఉన్నవి ఎన్నో తరాల బాక్టీరియా అని, ఈ జిల్లాలో ఇంత పాత వంశం ఇంకోటి ఉందో లేదో తెలియదని అన్నాను. ల్యాబు అటెండరు వెనక నిలబడి దగ్గాడు. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. ఎప్పుడు దగ్గినా దగ్గు కోసం దగ్గేవాడు కాదు.

మరునాడు పొద్దున చూస్తే అయిదు గ్లాసుల్లో పెరుగు గడ్డకట్టింది. ఆరో గ్లాసులో పాలు పాలలాగే ఉన్నాయి. వాసన చూశాను, పులుపు కూడా లేదు. గ్లాసు మీద కాగితం ముక్క చూస్తే, ముందురోజు అన్ని ప్రశ్నలు వేసిన అమ్మాయిది.

"మీ ఇంట్లో పాలల్లో ఏం కలిపినారు?"

"ఏమీ కల్పలేదు సార్."

"పాలైతే తోడుకోవాలి కదా. వంటసోడా వేస్తే పాలు విరగవు, తోడుకోవు. చాలామంది వేస్తారు."

"లేదు సార్. మాయమ్మ పిండితే నేనే కాంచి తెచ్చినాను."

"అయితే మా తోడుదా తప్పు? మా ఇంటి తోడు ఇన్నేళ్లలో ఒక్కనాడు తప్పలేదు."

ఎర్ర లిట్మస్ కాగితం నా వెనక అలమారలో ఉంది. పాలలో సోడా ఉంటే అది నీలంగా మారుతుంది. ఆ పరీక్షకు పట్టేది ఒక నిమిషం. అలమారకూ నాకూ మధ్య మూడు అడుగులు. ఆ మూడు అడుగులు వేయాలని నాకు తోచలేదు.

ఆ తరగతిలోనే ఊరి పాల సెంటరు నడిపే ఆయన కూతురు కూడా ఉంది. మధ్యాహ్నానికి మాట ఊరు చేరింది. సాయంత్రం పాలు పోయడానికి పోయిన ఆ అమ్మాయి తల్లి క్యానును సెంటరాయన మూత కూడా తీయనివ్వలేదట. ఒక ఇంటి పాలలో సోడా తేలితే ఊరి పాలన్నీ డెయిరీవాళ్లు వెనక్కి పంపుతారని ఆయన భయం.

మరునాడు ఇంటర్వెల్లో ఆ తల్లి బడికే వచ్చింది. చేతిలో క్యాను. స్టాఫ్‌రూములో నేను, లెక్కల టీచరు ఉన్నాం. ఆవిడ నోటిలెక్కలోనూ నోటిమాటలోనూ చురుకు.

"సార్, నా పాలల్లో సోడా ఉండాదని మీరే చెప్పినారంట."

"ఉండవచ్చు అన్నానమ్మా."

"పిలకాయలకు ఉండచ్చు ఒకటీ, ఉండాది ఒకటీనా సార్? మాకు ఉండేది ఒక ఆవు. ఆ సెంటరుకు ఎనిమిదేళ్లుగా పోస్తాండాను. రెండు పూటలుగా పాలు కాలవలో పోస్తిని. మీ తాత కళ్లంలో మాయత్త చేసింది సార్, గింజలు కొలిచేది. ఆయమ్మని కూడా ఎవురూ ఒక మాట అన్లేదు."

కూర్చోమని చెప్పాను. కూర్చోలేదు. లెక్కల టీచరు నా వైపు చూసి, "ల్యాబు పక్కనే కదా సార్ ఉండేది" అంది.

పోయాం. అమ్మాయిని కూడా పిలిపించాను. ఆరో గ్లాసులో మిగిలిన పాలను అటెండరు ఇంకా పారబోయలేదు. లిట్మస్ ముంచాను. ఎర్రగానే ఉంది. తల్లి తెచ్చిన క్యానులో ముంచాను. ఎర్రగానే ఉంది.

"అంటే ఏంది సార్?" అంది తల్లి.

"సోడా లేదు."

"నేను చెప్పింది కూడా అదే కదా."

అయినా నేను అక్కడ ఆగలేదు. మరి పాలు ఎందుకు తోడుకోలేదన్న ప్రశ్న మిగిలే ఉంది కదా అన్నాను. ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఇంకో ప్రశ్న వెతుక్కోవడం చదువుకున్నవాళ్ల అలవాటు. అప్పుడు అటెండరు గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, ఆవుకి ఏమైనా సూది ఏయించినారా?"

"ఏయించినామన్నా. పోయిన సోమవారం జ్వరమొచ్చి పండుకునింది, కాళ్లు కుంటింది. సైకిల్ మోటారులో వస్తాడు కదా సూదులాయన, మూడు దినాలు మూడు సూదులు ఏసినాడు. మూడోనాడు లేచి మేతకు పోయింది."

"సూది ఏసిన ఆవు పాలు తోడుకోవు సార్" అన్నాడు అటెండరు నాతో. "మా ఇండ్లల్లో అందురికీ తెలుసు."

"తెలిస్తే ముందే ఎందుకు చెప్పలేదప్పా?"

"మీరు వంశం గురించి చెప్తాంటిరి కదా సార్."

లెక్కల టీచరు కిటికీ వైపు తిరిగింది. నవ్వుతోందని వీపు చూస్తేనే తెలిసింది.

అమ్మాయి మాత్రం గోడ మీది చార్టు చూస్తూ ఉంది. చివరి వరుస మీద వేలు పెట్టింది. "సార్, ఆవుకొచ్చింది మూడు దినాల జ్వరం. అది ఏంది, వైరసా?"

"వైరసే."

"అయితే సూది దాన్ని ఏమీ చేయలేదు. జ్వరం దానికదే పోయింది. సూదిమందు ఊరికే పాలల్లోకి వచ్చింది. వచ్చి, మీరేసిన చెంచాలో బాక్టీరియాని సంపేసింది. అంతే కదా సార్?"

అంతే. బాక్టీరియాకూ వైరస్‌కూ తేడా ఏమిటన్న ప్రశ్నకు ముప్పై రెండేళ్లలో నేను విన్న జవాబుల్లో అంతకంటే మంచిది లేదు. ఆ మాట ఆ రోజు ఆమెతో అనలేదు. ఊఁ అన్నాను.

"ఆ జ్వరం దినాల్లో పాలు సెంటరుకు పోసినావామ్మా?" అని తల్లిని అడిగాను.

"యాడ సార్. ఇచ్చిందే అర లీటరు. అది ఇంట్లోకే పెట్టుకుంటిమి. మీరు తెమ్మన్నారని పాప దాంట్లోదే ఒక గ్లాసు తెచ్చింది."

అంటే సెంటరుకు ఆమె ఆ పాలు పోయనే లేదు. నా కోసం తెచ్చిన గ్లాసు వల్లనే ఆమె మీద మాట పడింది.

ఆ సాయంత్రం పుంగనూరు పశువుల ఆసుపత్రికి పోయి డాక్టరును కలిశాను. వయసులో చిన్నవాడు. మూడు దినాల జ్వరానికి నొప్పి తగ్గించే మందు, నీడ, నీళ్లు చాలునని, పైన ఇంకో జబ్బు తగులుకుంటే తప్ప యాంటీబయాటిక్ అక్కరలేదని చెప్పాడు. వేస్తే మాత్రం కొన్నాళ్లు ఆ పాలు ఎవరూ తాగకూడదు, ఆ తర్వాత మామూలే అన్నాడు. రోజూ కొంచెం తెప్పించి తోడువేసి చూడమన్నాడు. తెప్పించాను. ఈసారి అటెండరు పట్టుబట్టి వాళ్లింటి తోడు ఒక గ్లాసులో, మాది ఒక గ్లాసులో వేయించాడు. రెండూ కొన్నాళ్లు తోడుకోలేదు. తర్వాత ఒక పొద్దున రెండూ ఒకేలా గడ్డకట్టాయి. వాళ్లదే కొంచెం గట్టిగా ఉందని ఆయన అన్నాడు.

ఇక మిగిలింది సెంటరుకు పోయి చెప్పడం. ఆ సెంటరు మా తాత తగవులు తీర్చిన పాత చావడిలోనే నడుస్తోంది. పొద్దున ఆరింటికి ఊరంతా క్యాన్లతో వరసలో నిలబడే చోట, మా వాళ్లు కూర్చున్న అరుగు దగ్గర, నేను నిలబడి పొరపాటు పడ్డానని చెప్పాలి. నేను పోలేదు. బడి కాగితం మీద ఉత్తరం రాసి అటెండరు చేత పంపించాను.

పంపే ముందు లెక్కల టీచరుకు చూపించాను. "పరీక్షార్థము తెచ్చిన పాలయందు ప్రతిజీవక ఔషధ అవశేషములు ఉండుట వలన అవి తోడుకొనలేదనియు, సోడా వంటి కల్తీ పదార్థములు లేవనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని రాశాను. ఆవిడ రెండుసార్లు చదివింది.

"సార్, నేను తప్పు చెప్పినాను అనేది దీంట్లో యాడ ఉండాది?"

"అర్థం అదే కదా మేడమ్."

"అర్థం కాదు సార్. ఆ మాట."

మార్చలేదు. ఉత్తరం పోయింది. సెంటరాయన వరస ముందు గట్టిగా చదివాడట. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గానీ, ఔషధం అన్నది మాత్రం అర్థమైంది. సోడా పాలు పోయి మందు పాలయ్యాయి. అంతవరకు ఇంటికి వాడుకగా తీసుకునే రెండిళ్లవాళ్లు కూడా మానేశారు. నేను రాసిన ప్రతి అక్షరం నిజమే. ఆమెకు దానివల్ల జరిగింది మాత్రం అది.

అటెండరు తిరిగి వచ్చి ఉత్తరం నా బల్ల మీద పెట్టాడు. "ఆయమ్మ పంపింది సార్. కాగితాలు వద్దంట. నోటితో అన్న మాట నోటితోనే తీసుకోమనింది."

"సరే, పోతాను."

"ఎప్పుడు సార్?"

"పోతానన్నాను కదప్పా."

నాలుగు రోజులు పట్టింది. మొదటిరోజు తలనొప్పి అనుకున్నాను. రెండోరోజు ఇన్‌స్పెక్షన్ ఉంది. అది నిజమే, అయితే పదకొండింటికి. మూడోరోజు ఏ కారణమూ లేదు. కారణం లేకుండా ఆగిపోయిన ఆ ఒక్క రోజే నాకు ఇప్పటికీ ఎక్కువ గుర్తు. నాలుగో రోజు ఆ అమ్మాయి బడికి రాలేదు. హాజరు పిలిచినప్పుడు ఆమె పేరు దగ్గర ఎవరూ పలకలేదు. మామూలుగా ఒకరు రాకపోతే పక్కనున్నవాళ్లు జ్వరమనో ఊరికి పోయిందనో చెబుతారు. ఆ రోజు తరగతిలో ఎవరూ నోరు తెరవలేదు. మరునాడు పోదామని గట్టిగా అనుకున్నాను.

పొద్దున అయిదున్నరకు బయలుదేరాను. సెంటరు దగ్గర ఇరవై మంది దాకా ఉన్నారు. నన్ను చూసి వరస కొంచెం పక్కకు జరిగి దారి ఇచ్చింది. మా ముత్తాత కాలంలో ఇచ్చినట్టే ఇచ్చారని ఒక్క క్షణం అనిపించింది. ఆ దారిలో ముందుకు పోకుండా వరస చివరే నిలబడ్డాను. నా వంతు వచ్చినప్పుడు సెంటరాయన తలెత్తి, "మీరేంది సార్, క్యాను లేకుండా వస్తిరి" అన్నాడు.

ముందురోజే సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవేవీ వాడలేదు. "ఆయమ్మ పాలల్లో సోడా లేదు, మందు కూడా లేదు. అప్పుడు ఆవుకు సూది వేసిన దినాల పాలు. అవి నాకు తెచ్చినవే గానీ ఇక్కడ పోయలేదు. ఇప్పుడు బాగా తోడుకుంటున్నాయి, నేను చూశాను. అడక్కుండా, పరీక్ష చేయకుండా అన్నాను. తప్పు నాది" అని చెప్పాను. గొంతు మామూలుగానే ఉంది. వెన్ను కూడా నిటారుగానే ఉంది. తప్పు ఒప్పుకోవడానికి వంగాల్సిన పని లేదని యాభై తొమ్మిదో ఏట తెలిసింది.

వరసలో ఒక ముసలాయన, "ఇంత దానికి ఇన్ని దినాలా సార్?" అన్నాడు. అది జవాబు కోసం అడిగింది కాదు.

సెంటరాయన తెరిచి ఉన్న పుస్తకంలో ఏదో రాసుకుని, "సరే సార్. రేపట్నించి పోయమనండి" అన్నాడు.

ఆ మాట నేనే చెప్పాలని వాళ్లింటికి నడిచాను. బడి నుంచి చూస్తే ఊరికి అటు చివర, రెండు గదుల ఇల్లు, పక్కన రేకుల కొట్టం. అమ్మాయి వాకిట్లో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి లేచి చేతులు పావడాకు తుడుచుకుంది.

"అమ్మ యాడమ్మా?"

"మదనపల్లె టమాటా మండీలో కాయలు ఏరేదానికి పోయింది సార్. నిన్నట్నించి పోతాంది. ఆరింటికే ఆటో."

"సెంటరులో చెప్పి వచ్చాను. రేపటి నుంచి పాలు పోయవచ్చు."

ఆమె కొట్టం వైపు చూసింది. నేనూ చూశాను. గుంజకు తాడు లేదు. కింద పేడ ఎండిపోయి ఉంది.

ఆవును, దూడను రెండు రోజుల కిందట సంతలో అమ్మేశారు.